డ్యూటీకి ఆశీలు

అది మార్చి నెల. ట్యాక్స్ ఆఫీసుల్లో ఎవరికీ అన్నం సయించని సీజన్. అమెరికా వచ్చిన కొత్తలో, పని చేసుకునే పర్మిట్ చేతికొచ్చిన ఏడాది, ఒక చిన్న ట్యాక్స్ ఆఫీసులో నాలుగు నెలల పనికి కుదిరాను. ఓనర్ గారు తెలుగాయనే. వచ్చేవాళ్ళలో సగం మంది మనవాళ్ళు, మిగతావాళ్ళు ట్రక్కులు నడిపేవాళ్ళు, సెలూన్లలో పనిచేసేవాళ్ళు. ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చింది. ముప్పై లోపే ఉంటుంది. జుట్టు ముడేసుకుని, పాత హుడీ వేసుకుని, స్కూలు పిల్లల స్పైరల్ నోటుబుక్కు ఒకటి పట్టుకుని ఉంది. ఫారంలో వృత్తి దగ్గర 'ఎంటర్‌టైనర్' అని రాసింది. ఓనర్ గారు ముచ్చటపడి "పాటలు పాడతారా?" అని అడిగారు. "లేదు, స్ట్రిప్ క్లబ్బులో డాన్సర్ని" అంది, బ్యాంకులో క్యాషియర్ని అన్నంత మామూలుగా. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, నా వైపు తిరిగి తెలుగులో "అమ్మా, ఈ ఫైలు నువ్వు చూడమ్మా" అన్నారు.

అలా ఆ నోటుబుక్కు నా టేబుల్ మీదికొచ్చింది.

ఒక్కో షిఫ్టుకి ఒక్కో వరస. స్కేలు పెట్టి గీసిన గళ్ళు: తేదీ, వెళ్ళిన టైము, హౌస్, డీజే, మామ్, ఫైన్, డాన్సులు, చివర్న 'ఇంటికి'. జనవరిలో ఒక మంగళవారం వరస నాకింకా గుర్తుంది. వెళ్ళింది 8:40కి. హౌస్ 70, డీజే 20, మామ్ 10, ఫైన్ 25. డాన్సుల గడిలో 80. 'ఇంటికి' గడిలో ఎర్ర పెన్నుతో మైనస్ 45.

"ఈ మైనస్ ఏంటి?" అన్నాను, కూడికలో తప్పు దొర్లిందేమోనని.

"ఆ రాత్రి నేను పని చేసినందుకు నేనే ఇచ్చుకున్నది" అంది.

"వీటికి రసీదులున్నాయా?"

నవ్వింది. నేను నిజంగానే అడుగుతున్నానని అర్థమయ్యాక ఆపేసింది. "క్యాష్ మేనేజర్ చేతిలో పెడతాం. లిస్టులో మా పేరు పక్కన టిక్కు పెడతాడు. అంతే."

నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడ సంతలో ఆకుకూరలు అమ్మేది. తెల్లారకముందే గంపెత్తుకుని వెళ్ళేది. పంచాయతీలో ఆశీలు పాట పాడుకున్న కాంట్రాక్టరు మనిషి ఎనిమిదింటికల్లా భుజాన సంచితో వరసగా వచ్చేవాడు. గంపకింత, బస్తాకింత, మేకకింత. తోటకూర అమ్ముడుపోయిందా, గంపలోనే వాడిపోయిందా అన్నది అతనికి అనవసరం. గంప కింద దించావంటే ఆశీలు కట్టాల్సిందే. కానీ అతను కూడా గులాబీ రంగు చీటీ ఒకటి చింపి చేతికిచ్చేవాడు. పెద్దమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకునేది, ఇంకెవడైనా వచ్చి మళ్ళీ అడిగితే మొహాన చూపించడానికి. ఈ అమ్మాయికి ఆ చీటీ ముక్క కూడా లేదు.

విషయం తెలియనివాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్తాను. అమెరికాలో చాలా స్ట్రిప్ క్లబ్బులు డాన్సర్లకి జీతం ఇవ్వవు. డాన్సరే క్లబ్బుకి డబ్బు కట్టి షిఫ్టులోకి దిగుతుంది. దాన్ని హౌస్ ఫీ అంటారు, కొన్ని చోట్ల స్టేజ్ ఫీ. ఆ తర్వాత స్టేజీ దగ్గర వచ్చే టిప్పులు, లాప్ డాన్సుల (ఒక్క కస్టమర్ కోసం అతని ఒడి దగ్గర చేసే డాన్సుల) డబ్బు, వీఐపీ గదుల డబ్బు ఆమెవి. ఆమెవి అంటే, వాటిలోనూ క్లబ్బు తన కోత తను కోసుకున్నాక మిగిలినవి. షిఫ్టు అయ్యాక డీజేకి, హౌస్ మామ్‌కి, ఒక్కోచోట బౌన్సర్‌కి 'టిప్ అవుట్' ఇచ్చుకోవాలి. హౌస్ మామ్ అంటే డ్రెస్సింగ్ రూమ్‌లో ఉండే పెద్దావిడ. హెయిర్ స్ప్రే, పిన్నీసులు, తలనొప్పి మాత్రలు, ఎవరో ఏడుస్తుంటే భుజం తట్టడం, ఇవన్నీ ఆవిడ పనే. ఆవిడకిచ్చే పది డాలర్లు ఎవరికీ బరువనిపించవు. డీజే సంగతి వేరు. ఎవరు ఎప్పుడు స్టేజీ ఎక్కాలో, ఏ పాటకి ఎక్కాలో అతని చేతిలో ఉంటుంది. అతని చెయ్యి తడపకపోతే హాలు నిండుగా ఉన్నప్పుడు మీ పేరు అతనికి గుర్తుకు రాదు.

ఓనర్ గారికి ఆ సాయంత్రం నా డ్రాఫ్టు చూపించాను. "హౌస్ ఫీ అంటే ఇంటద్దె కదమ్మా, అది బిజినెస్ ఖర్చు కిందకి రాదు" అన్నారు. నేను వివరించాను. ఆయన కాసేపు ఊరుకుని, "అంటే ఉద్యోగానికి వెళ్ళి ఓనరుకి తనే డబ్బు కడుతుందా?" అన్నారు. ఈ విషయం మీద నేను విన్న ప్రశ్నలన్నిటిలో సూటిదైన ప్రశ్న అదే. దానికి జవాబుగా వకీళ్ళు ముప్పై ఏళ్ళుగా కాగితాలు నింపుతూనే ఉన్నారు.

మన కుర్రాళ్ళు కొందరు లాంగ్ వీకెండ్‌కి వేగాస్ వెళ్ళొచ్చి "వాళ్ళ సంపాదన మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కూడా లేదు బ్రో" అని చెప్పుకోవడం నేను విన్నాను. అది శనివారం అర్ధరాత్రి చూసిన లెక్క. మంగళవారం ఎనిమిదీ నలభై వాళ్ళు చూడలేదు. శనివారాల వరసలు ఆ బుక్కులో బాగానే ఉన్నాయి, అబద్ధమెందుకు. ఒకటి రెండు చూసి నాక్కూడా కుళ్ళొచ్చింది. కానీ ఆ శనివారాలు ఊరికే రావు. అసలు కథ అక్కడే ఉంది.

హౌస్ ఫీ అంటే అందరూ డబ్బు గురించి మాట్లాడతారు. అది షెడ్యూల్ గురించి కూడా. ఆమె పనిచేసే క్లబ్బులో ఫీజు గడియారాన్ని బట్టి ఉంటుంది. రాత్రి ఏడింటిలోపు వస్తే 40 డాలర్లు. తొమ్మిదిలోపు 70. తొమ్మిది దాటితే 100. కస్టమర్లు పదిన్నరకి గానీ రారని అందరికీ తెలుసు. మరి ఏడింటికే రమ్మనడం ఎందుకు? మొదటి కస్టమర్ తలుపు తీసేసరికి హాలు ఖాళీగా కనపడకూడదు. బట్టల కొట్టు తెరవగానే షోకేసులో బొమ్మలు నిలబెట్టినట్టు. బొమ్మలైనా ఓనరు కొనుక్కోవాలి. ఇక్కడ బొమ్మే టిక్కెట్టు కొనుక్కుని వచ్చి నిలబడుతుంది, ఆలస్యంగా వస్తే ఎక్కువ పెట్టి కొనుక్కుంటుంది.

ఆ తర్వాత వారాల లంకె. శుక్రవారం, శనివారం కావాలంటే వారం మొదట్లో రెండు రాత్రులు చెయ్యాలి. అలాగని ఎక్కడా రాసి ఉండదు. సోమవారం రాని అమ్మాయికి శనివారం "ఈసారి ఫుల్ అయిపోయింది హనీ" అని మెసేజ్ వస్తుంది. షెడ్యూల్ వారం ముందే చెప్పాలి. చెప్పి రాకపోతే ఫైన్. తొందరగా వెళ్ళిపోతే ఫైన్. స్టేజీకి పిలిచినప్పుడు బాత్రూమ్‌లో ఉంటే ఫైన్. ఆ మంగళవారం 25 డాలర్లు దేనికని అడిగాను.

"ఎనిమిదిన్నరకి వస్తానని చెప్పి, 8:40కి వెళ్ళాను."

పది నిమిషాలకి ఇరవై ఐదు డాలర్లు. ఇదంతా రాసుకుంటూ నేను నింపుతున్న ఫారం పేరు షెడ్యూల్ సి. సొంత వ్యాపారం చేసుకునేవాళ్ళ ఫారం అది. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులో ఉద్యోగి భాగం, యజమాని భాగం రెండూ ఆమే కట్టుకోవాలి, మొత్తం 15.3 శాతం. ఎందుకంటే కాగితాల మీద ఆమె 'ఇండిపెండెంట్ కాంట్రాక్టర్'. పది నిమిషాలు లేటయితే జరిమానా కట్టే ఇండిపెండెంట్.

ఈ మాట మీద కోర్టులు ఎప్పుడో తేల్చేశాయి. ఒకసారి కాదు, పదేపదే. 1993లో టెక్సస్ నుంచి వెళ్ళిన ఒక కేసులో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు ముందు క్రేజీ హార్స్ సెలూన్ అనే క్లబ్బు రూల్సు పెట్టారు. మడమ లేని చెప్పులు వేసుకోకూడదు. డ్రెస్సింగ్ రూమ్‌లో పదిహేను నిమిషాలకి మించి ఉండకూడదు. బాత్రూమ్‌లోకి ఒకసారికి ఒక్కరే. తెరిచే టైముకి అందరూ హాల్లో ఉండాలి. షిఫ్టు చివర, ఆ రాత్రి ఎంతొచ్చినా రాకపోయినా, క్లబ్బుకి 20 డాలర్లు కట్టాలి. ఇన్ని రూల్సు పెట్టినవాడు యజమాని, పాటించేవాళ్ళు ఉద్యోగులు అని కోర్టు తేల్చింది. క్లబ్బువాళ్ళ వాదన ఏమిటంటే డాన్సర్లు తమ దగ్గర చోటు అద్దెకి తీసుకున్న వ్యాపారులని. అంటే మా సంత వాదనే. కానీ ఆశీలు కాంట్రాక్టరు మా పెద్దమ్మని ఎత్తు చెప్పులు వేసుకోమని ఎప్పుడూ అడగలేదు. గంప ఎప్పుడు దించాలో, ఎప్పుడు ఎత్తుకోవాలో ఆవిడ ఇష్టం.

నాకు బాగా నచ్చిన తీర్పు 2009లో మసాచుసెట్స్‌లో వచ్చింది. కింగ్ ఆర్థర్స్ లౌంజ్ అనే క్లబ్బు ఏం వాదించిందో వినండి. మా వ్యాపారం మందు అమ్మడం, స్పోర్ట్స్ బార్లో టీవీలు ఎలాగో మా దగ్గర డాన్సర్లు అలాగ, పక్కన ఉండే ఆకర్షణ మాత్రమే అంది. బట్టల్లేని మనిషి డాన్సు చేస్తుంటే దాన్ని గోడ మీద ఆడే మ్యాచితో సమానం అనుకోవాలంటే కోర్టు మనిషి నైజానికి కళ్ళు మూసుకోవాలి అనే అర్థం వచ్చేలా జడ్జి రాశారు. ఆ వాదన రాసిన వకీలు నవ్వు ఎలా ఆపుకున్నాడో!

2013లో న్యూయార్క్‌లో రిక్స్ క్యాబరే డాన్సర్లు ఉద్యోగులేనని ఫెడరల్ జడ్జి తేల్చారు, 2015లో ఆ కేసు 15 మిలియన్ డాలర్లకి సెటిలైంది. 2014లో నెవాడా సుప్రీంకోర్టు లాస్‌వేగాస్‌లోని సఫైర్ క్లబ్బు గురించీ అదే చెప్పింది. సఫైర్‌లో డాన్సర్ తనకిష్టమైన రోజు రావచ్చు అనేది క్లబ్బు గొప్పగా చెప్పుకున్న మాట. కానీ వచ్చాక స్టేజీ ఎక్కడం ఇష్టం లేకపోతే దానికి వేరే ఫీజు. పని చెయ్యడానికి ఒక రేటు, ఆ పనిలో ఒక ముక్క చెయ్యకుండా ఉండటానికి ఇంకో రేటు. ఆ తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే నెవాడా శాసనసభ ఇండిపెండెంట్ కాంట్రాక్టర్ అనే మాటకి నిర్వచనమే మార్చేసింది.

కోర్టుల్లో ఇన్నిసార్లు ఓడిపోతూ కూడా ఈ పద్ధతి ఎందుకు పోలేదు? ఒకటి, కేసు వెయ్యాలంటే అసలు పేరు కోర్టు కాగితాల్లోకి ఎక్కాలి. ఆ పని వదిలేసి నర్సింగ్ చదువుతున్న మనిషి ఆ సాహసం చెయ్యదు. రెండు, చేరేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితంలోనే గొడవలన్నీ ఆర్బిట్రేషన్‌లో, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గర, ఎవరికి వారు విడివిడిగా తేల్చుకోవాలని ఉంటుంది. అలాంటి షరతులు చెల్లుతాయని 2018లో ఎపిక్ సిస్టమ్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది. మూడోది నా అనుమానం: ఏళ్ళ తరబడి రాత్రికి ఇన్ని డెబ్భైలు వసూలు చేసుకున్నవాడికి ఎప్పుడో ఒకసారి కట్టే సెటిల్‌మెంటు కరెంటు బిల్లు లాంటిదే.

ఇప్పుడు నేను చెప్పదల్చుకున్న మాట. ఉద్యోగా, కాంట్రాక్టా అన్న గొడవ కంటే ముందు చూడాల్సింది ఒకటుంది. షెడ్యూల్ వేసేవాడి బుర్రని ఈ ఫీజు ఏం చేస్తుంది?

మీరు బిర్యానీ హోటల్ పెట్టారనుకోండి. మంగళవారం పది మంది వస్తారని తెలుసు. సర్వర్లని ఎంతమందిని రమ్మంటారు? ఇద్దరిని, మహా అయితే ముగ్గుర్ని. నలభై మందిని పిలిస్తే నలభై జీతాలు మీ జేబులోంచి పోతాయి కాబట్టి. ఇప్పుడు జీతం తీసేసి, సర్వరే మీకు డెబ్భై డాలర్లు కట్టి లోపలికి రావాలని పెట్టండి. పది మంది కస్టమర్లున్న రాత్రి నలభై మందిని పిలవకుండా మిమ్మల్ని ఆపేదేంటి? నలభై డెబ్భైలు 2,800. ఒక్క బీరు మూత తీయకముందే గల్లాపెట్టెలో పడిపోయాయి. హాల్లో కస్టమర్లున్నారా లేదా అనేది అప్పుడు డాన్సర్ల బాధ. ఒకే ఆటోని ఒకే రాత్రి నలభై మందికి కిరాయికిచ్చి, సవారీలు మీలో మీరు పంచుకోండి అన్నట్టు ఉంటుంది.

అందుకే ఆ క్లబ్బుల్లో షెడ్యూల్ అనేది ఎంతమంది కావాలో తేల్చే కాగితం కాదు. ఎంతమంది దగ్గర వసూలు చెయ్యొచ్చో చెప్పే జాబితా. కొత్తమ్మాయిని చేర్చుకుంటే ఓనరుకి ఇంకో డెబ్భై. పాతవాళ్ళకి ఇంకో పోటీ. ఆ పోటీలో వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు గానీ లిస్టు రాసినవాణ్ణి తిట్టరు. ఆ అమ్మాయి కూడా నాతో "ఈ మధ్య పద్దెనిమిదేళ్ళ పిల్లలు మరీ ఎక్కువైపోయారు" అంది, విసుగ్గా. వాళ్ళని చేర్చుకుంటున్నది ఎవరని నేను అడగలేదు. ట్యాక్స్ ఆఫీసులో అడిగే ప్రశ్న కాదది.

మామూలు ఆశీలు కాంట్రాక్టరుకి లాభం ఉంటుంది గానీ మనుషుల మీద పెత్తనం ఉండదు. మామూలు మేస్త్రీకి పెత్తనం ఉంటుంది గానీ సాయంత్రానికి కూలి ఇవ్వాల్సిన బాధ్యత కూడా ఉంటుంది. హౌస్ ఫీ పెట్టిన క్లబ్బు ఓనరు కాంట్రాక్టరు లాభమూ తీసుకున్నాడు, మేస్త్రీ పెత్తనమూ తీసుకున్నాడు. కూలి ఇచ్చే పని మాత్రం కస్టమర్ల మీద వదిలేశాడు.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. లాప్ డాన్సు రాకముందు, పాత బర్లెస్క్ థియేటర్ల కాలంలో డాన్సర్లకి వారం జీతాలుండేవి. వెరైటీ ఆర్టిస్టుల యూనియన్‌లో సభ్యత్వం ఉండేది. డబ్బు స్టేజీ మీంచి కిందికి దిగి కస్టమర్ ఒడి దాకా వచ్చాక, అంటే 1970ల చివర, 80ల్లో, ఓనర్లకి ఒక సంగతి అర్థమైంది. ఈ అమ్మాయిలకి డబ్బు కస్టమరే ఇస్తున్నాడు, మనమెందుకివ్వాలి? ఆ తర్వాతి అడుగు, మనమే ఎందుకు తీసుకోకూడదు? శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓఫారెల్ థియేటర్ డాన్సర్లు ఈ స్టేజ్ ఫీజుల మీద వేసిన దావా 1998లో 2.85 మిలియన్ డాలర్లకి సెటిలైంది. అదే ఊళ్ళో లస్టీ లేడీ అనే చోట గంటకింతని జీతం ఇచ్చేవాళ్ళు. అక్కడి గొడవ వేరు. చాటుగా వీడియోలు తీసుకోడానికి వీలిచ్చే ఒకవైపు అద్దాలు, ఎక్కువ డబ్బొచ్చే బూత్‌లో నల్లజాతి డాన్సర్లకి షిఫ్టులు వెయ్యకపోవడం. వాళ్ళు 1996, 97లలో యూనియన్ పెట్టుకున్నారు, 2003లో ఆ వ్యాపారాన్నే కొనుక్కుని సహకార సంఘంలా నడిపారు. 2013లో అది మూతపడింది. షిఫ్టులు ఎవరు వేస్తారన్నది కూడా డబ్బు విషయమేనని అందరికంటే ముందు తెలుసుకున్నది వాళ్ళేననిపిస్తుంది.

"ఉద్యోగులుగా గుర్తిస్తే అన్నీ సర్దుకుంటాయి" అని నేనూ అనుకునేదాన్ని. ఆ అమ్మాయితో ఆ మాటే అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "నాకొద్దు" అంది. "నేను రెండు క్లబ్బుల్లో చేస్తాను. బాబుకి జ్వరమొస్తే వారం మానేస్తాను. జీతం కాగితం మీద క్లబ్బు పేరుంటే నాకు ఇల్లు అద్దెకి ఎవరిస్తారు?" ఆ చివరి మాటకి నా దగ్గర సమాధానం లేదు. స్వతంత్రం పేరుతో మోసం జరుగుతోందని నేను తేలిగ్గా అనేస్తున్నాను గానీ, ఆ స్వతంత్రంలో ఆమెకి నిజంగా పనికొచ్చే ముక్క కూడా ఉంది.

కాలిఫోర్నియాలో జరిగింది చూస్తే ఆమె భయం ఉత్తిది కాదు. 2018లో డైనమెక్స్ తీర్పు, ఆపైన 2020 జనవరి నుంచి ఏబీ 5 చట్టం వచ్చాక అక్కడ కాంట్రాక్టరని పిలవడం కష్టమైంది. క్లబ్బులు చాలా వరకు డాన్సర్లని ఉద్యోగులుగా మార్చాయి. కనీస వేతనం ఇచ్చాయి, హౌస్ ఫీ ఎత్తేశాయి. ఎత్తేసి, లాప్ డాన్సు డబ్బులో పెద్ద కోత మొదలుపెట్టాయి. తలుపు దగ్గర తీసుకునేది గదిలో తీసుకున్నాయి. చేతికొచ్చేది తగ్గిందని చాలామంది డాన్సర్లు గోలపెట్టారు. నిజానికి కాలిఫోర్నియా లేబర్ కోడ్ ప్రకారం కస్టమర్ నేరుగా డాన్సర్‌కి ఇచ్చేది టిప్పు కిందకే వస్తుంది, టిప్పులో యజమానికి వాటా లేదు. కానీ కస్టమర్ డబ్బు క్లబ్బు కౌంటర్లో కడితే? అది టిప్పు కాదు, అమ్మకం అని క్లబ్బుల వాదన. అందుకని కౌంటర్లు పుట్టుకొచ్చాయి.

నార్త్ హాలీవుడ్‌లో స్టార్ గార్డెన్ అనే చిన్న బారు డాన్సర్లు ఇంకో దారి తొక్కారు. 2022 మార్చిలో భద్రత గురించి సంతకాలు పెట్టి ఇస్తే వాళ్ళని లోపలికి రానివ్వలేదు. వాళ్ళు నెలల తరబడి, రోజుకో వేషం వేసుకుని, బయట ఫుట్‌పాత్ మీద పికెటింగ్ చేశారు. చివరికి బ్రాడ్‌వే నటుల యూనియన్ అయిన యాక్టర్స్ ఈక్విటీలో చేరారు. 2023 మేలో ఓట్లు లెక్కపెడితే 17కి 17 యూనియన్‌కే. ఓనరుతో కూర్చుని షెడ్యూలూ డబ్బూ కలిపి మాట్లాడుకోగల ఏర్పాటది. బాగుంది. అయితే పదిహేడు మంది ఒక్క మాట మీద నిలబడటం ఎంత కష్టమో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుకి వెళ్ళినవాళ్ళకి తెలుసు.

నాకు అన్నిటికంటే తెలివైనదిగా కనిపించింది వాషింగ్టన్ రాష్ట్రం చేసిన పని. అక్కడ క్లబ్బులు మహా అయితే పదీ పన్నెండు. స్ట్రిప్ క్లబ్బుల్లో మందు అమ్మకూడదనే రూలు ఉండేది. మందు లేకపోతే ఓనరుకి ఆదాయం ఎక్కడిది? డాన్సర్ల దగ్గర్నుంచే. రాత్రికి నూట యాభై, రెండు వందల దాకా హౌస్ ఫీ. అందుకే అక్కడి డాన్సర్ల సంఘం, స్ట్రిప్పర్స్ ఆర్ వర్కర్స్, ముందుకొచ్చి క్లబ్బుల్లో మందుకి అనుమతివ్వండి అని అడిగింది. పైకి చూస్తే విడ్డూరం. లెక్క చూస్తే విడ్డూరం లేదు. ఓనరు బీరు మీద సంపాదించుకుంటే మా మీద పడకుండా ఉంటాడని వాళ్ళ ఆలోచన. 2024 మార్చిలో గవర్నర్ జే ఇన్స్‌లీ సంతకం పెట్టిన చట్టంలో మందు దారీ తెరుచుకుంది, హౌస్ ఫీకి పగ్గమూ పడింది. ఎనిమిది గంటలకి 150 డాలర్లు, లేదా ఆ డాన్సర్ వసూలు చేసుకున్న దాంట్లో 30 శాతం, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అదే. షెడ్యూల్ ప్రకారం రాలేదని ఫీజు వెయ్యకూడదు. ఫీజు కట్టడం ఆలస్యమైందని వడ్డీ కట్టించుకోకూడదు. ఈ రాత్రి కట్టలేనిది వచ్చే రాత్రికి బాకీగా మొయ్యకూడదు.

ఆ 'ఏది తక్కువైతే అది' అనే ముక్కలోనే ఉంది కిటుకంతా. పది మంది కస్టమర్లకి నలభై మందిని పిలిస్తే, ఇప్పుడు ఓనరుకి 2,800 రావు. పది మంది దగ్గర వచ్చిన దాంట్లో ముప్పై శాతమే వస్తుంది, పదిహేను మంది డాన్సర్లున్నా అంతే, నలభై మంది ఉన్నా అంతే. అలాంటప్పుడు లిస్టు పొడుగు చేసి ఏం లాభం? ఎవరి ఉద్యోగం ఏమిటన్న చర్చ జోలికి పోకుండానే చట్టం షెడ్యూల్ వేసేవాడి చెయ్యి పట్టుకుంది. డాన్సర్ ఖాళీ చేతులతో ఇంటికెళ్తే ఓనరుకీ ఖాళీ చెయ్యే.

లొసుగులు లేవని కాదు. ముప్పై శాతం లెక్క తేలాలంటే డాన్సర్ ఎంత వసూలు చేసిందో ఎవరో చెప్పాలి. క్యాష్ నడిచే చోట ఆమె చెప్పింది ఓనరు నమ్మడు, ఓనరు రాసింది ఆమె నమ్మదు. నమ్మకం లేనిచోట కెమెరాలు, యాప్‌లు దిగుతాయి. డీజే టిప్పులు ఈ పరిమితిలోకి రాకపోతే కోత అటు జరుగుతుంది. ఓనర్లు అనే ఇంకో మాట కూడా ఉంది, బిల్డింగ్ అద్దె, ఇన్సూరెన్సు, సెక్యూరిటీ, లైసెన్సు, ఇవన్నీ మంగళవారం కూడా కట్టాలి కదా అని. కట్టాలి. బిర్యానీ హోటల్ ఓనరూ కడతాడు. బేరం లేదని సర్వర్ల దగ్గర చందా ఎత్తడు.

ఆ అమ్మాయి ఉండేది వాషింగ్టన్‌లో కాదు. ఆమె నోటుబుక్కు చివరి పేజీలో వేరే చిన్న పట్టిక ఉంది, పైన 'బాకీ' అని. డిసెంబరు చివరి వారంలో మూడు తేదీలు. 70, 70, 60. పండగ రోజుల్లో జనం లేక, ఆ మూడు రాత్రులూ హౌస్ ఫీ పూర్తిగా కట్టలేకపోయింది. జనవరి మొదటి శనివారం షిఫ్టులో మొత్తం పట్టుకున్నారు.

"ఇవి పోయినేడు ఖర్చులే కదా, ఇందులో వేసెయ్యొచ్చా?" అంది.

"కుదరదు. మీ లెక్క క్యాష్ పద్ధతిలో ఉంది. డబ్బు చేతిలోంచి వెళ్ళిన రోజే ఖర్చు. జనవరిలో కట్టారు కాబట్టి వచ్చే ఏడాది ఫైల్లో వస్తాయి."

"అంటే వాళ్ళ లెక్కలో డిసెంబరులోనే బాకీ పడ్డాను, మీ లెక్కలో అప్పటికి ఏమీ జరగలేదు."

"అంతే."

బ్యాగులోంచి కొత్త నోటుబుక్కు తీసింది. మొదటి పేజీలో గళ్ళు అప్పటికే గీసి ఉన్నాయి. పైన ఖాళీ జాగాలో '200, పాతవి' అని రాసుకుంది. గోడ గడియారం కేసి చూసి గబగబా లేచింది.

"ఇంకా టైముంది కదా, ఓనర్ గారు సంతకం పెట్టేదాకా కూర్చోండి" అన్నాను.

"రేపొచ్చి పెడతాను" అంది, తాళాలు వెతుక్కుంటూ. "ఏడింటిలోపు వెళ్తే నలభయ్యే."